అమావాస్య లేని పంతులమ్మ

మా బడిలో హాజరు పట్టీ నిండుగా కనిపించేది నెలకు ఒక్కరోజే, అమావాస్య నాడు. తక్కిన రోజుల్లో సగానికి సగం సున్నాలు. లోకమంతా అమావాస్యకు కొత్తపని మొదలుపెట్టడానికి జంకుతుంది. పాతకాలపు వీధిబడుల్లో ఆ రోజు అక్షరమే చెప్పేవారు కాదు. గద్వాలలో నేతవాళ్ల వీధి చివర ఉన్న మా ఆడపిల్లల బడి మాత్రం ఆ ఒక్కరోజే కిటకిటలాడేది.

కారణం చాలా సులువు. నేతవాళ్లు అమావాస్య నాడు మగ్గం ముట్టరు. మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంతలో దిగరు, రాట్నం తిప్పరు. రాట్నాన్ని కడిగి పసుపు కుంకుమ పెట్టి గోడకు ఆనిస్తారు. మగ్గం నడిచే రోజున మాత్రం ప్రతి ఇంట్లోనూ ఒక ఆడపిల్ల రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టాలి. కండె అంటే వేలెడంత పుల్ల. దానికి నూలు చుట్టి నాడెలో పెడితే, ఆ నాడె పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తి బట్ట తయారవుతుంది. మగ్గం మీద తాతో తండ్రో ఉంటాడు, కండెలు అందించే చెయ్యి మాత్రం పదేళ్ల పిల్లది. ఆ పిల్ల బడికి వస్తే మగ్గం ఆగిపోతుంది.

ఈమధ్య మా చెల్లెలి మనవరాలు వచ్చింది. టీచరై ఇంకా ఏడాది కాలేదు. మంచం మీద వాలిపోయి, "అమ్మమ్మా, పొద్దున బడి గంట తలుచుకుంటేనే మంచం దిగబుద్ధి కావడం లేదు" అంది. మీకిప్పుడు దీనికి పేర్లున్నాయి, మీటింగులు పెడుతున్నారు, పుస్తకాలు రాస్తున్నారు. మా కాలంలో పేరు లేదు, జబ్బు మాత్రం ఉంది. ఆ పిల్లకు చెప్పిన సంగతే మీకూ చెప్తాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదు, ముందే చెప్పేస్తున్నాను.

రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజులు. మాది వనపర్తి. మా నాయన పట్టుబట్టి చదివించడం వల్ల ఏడో తరగతి గట్టెక్కి, పంతులమ్మనై, ఇరవై రెండేళ్ల వయసులో గద్వాలకు వచ్చాను. పెళ్లయింది కాని, మా ఆయన నల్లమల అంచున లింగాలలో అడవి శాఖ గుమాస్తా. బండి, మోటారు, మళ్లీ బండి ఎక్కి రెండు రోజులు ప్రయాణం చేస్తే తప్ప ఒకరి ముఖం ఒకరు చూసుకునే వీలు లేదు. మా బడి అంటే ఒక పెద్ద గది, ముందు పంచలాంటి సాయబాను, వెనుక నేనుండే చిన్న కొట్టు. సిబ్బంది ఇద్దరం, నేనూ ఆయమ్మా.

ఆ రోజుల్లో ఆడపిల్లలు ఒంటరిగా బడికి వచ్చేవారు కాదు. ఇల్లిల్లూ తిరిగి వాళ్లను పిలుచుకొచ్చి, సాయంత్రం మళ్లీ ఇండ్లలో దిగబెట్టడానికి ఒక మనిషి ఉండేది. మా ఆయమ్మకు యాభై దాటాయి. మల్దకల్ దగ్గరి పల్లెలో కాపుల ఇంట పుట్టిన మనిషి, మెట్టచేలల్లో కలుపు తీసి తీసి చేతులు గట్టిపడిపోయాయి. వీధి మొదట్లో నిలబడి "పిల్లలో!" అని ఒక్క కేక పెడితే చివరి ఇంట్లో మగ్గం చప్పుడు ఆగేది. మధ్యాహ్నం మాత్రం ఏం మునిగిపోయినా సరే, జొన్నరొట్టె తిని, ఆకువక్క వేసుకుని, సాయబానులో కొంగు పరుచుకుని ఒక కునుకు తీసేది. ఆ గురక వింటుంటే నాకు ఒళ్లు మండేది. ఇంత పని పెట్టుకుని ఈవిడకు నిద్రెట్లా పడుతుందా అని.

నాకంటే ముందు ఆ బడికి నలుగురు పంతులమ్మలు వచ్చి పోయారు. ఒక్కరూ ఏడాది నిలవలేదు. ఆయమ్మ మాత్రం పదకొండేళ్లుగా అక్కడే ఉంది. ఈ రెండు సంగతులూ నాకు తెలుసు. రెండింటినీ కలిపి ఆలోచించే తెలివి అప్పటికి లేదు.

తనిఖీకి హైదరాబాదు నుంచి ఒక అధికారిణి వచ్చేవారు. బేగం సాహెబా అనేవాళ్లం. నేను రాకముందు వచ్చినప్పుడు ఆమె పుస్తకంలో 'హాజరు బలహీనం' అని రాసి వెళ్లారట. ఆ రెండు ముక్కలూ చూసినప్పటి నుంచి నాకు ఒకటే పట్టుదల. చేరిన వారంలోనే కట్టుబాటు పెట్టాను. పది గంటలకు గంట కొట్టి హాజరు తీస్తాను, ఆ తర్వాత వచ్చిన పిల్లకు సున్నా, తలుపు వెయ్యడమే. క్రమశిక్షణ ఉంటే హాజరు దానంతటదే పెరుగుతుందని నా నమ్మకం. పెరగలేదు సరికదా, ఆలస్యంగానైనా అమ్మో అవ్వో దిగబెడితే వచ్చే నలుగురూ మానుకున్నారు.

వీధిలో మా బడి వైపు నుంచి మూడో ఇంట ఒక పిల్ల ఉండేది. పదేళ్లుంటాయి. తల్లిదండ్రులు షోలాపూరు మిల్లులకు పోయారు, పిల్ల తాత దగ్గర, అవ్వ దగ్గర పెరుగుతున్నది. ఏదైనా ఒకసారి చెప్తే చాలు, రెండోసారి తానే నాకు అప్పజెప్పేది. ఆ వీధి నుంచి అప్పటిదాకా ఒక్క ఆడపిల్ల కూడా నాలుగో తరగతి పరీక్షకు కూర్చోలేదు. ఈ పిల్ల కూర్చోవాలి, పాసు కావాలి, ఇదొక్కటి నా చేతుల మీదుగా జరిగితే చాలు అనుకున్నాను. అయితే ఆ పిల్ల బడికి వచ్చేది వారానికి ఒక రోజో రెండు రోజులో.

జ్యేష్ఠమాసంలో ఒకరోజు వాళ్లింటికే పోయి అవ్వను అడిగాను.

"పంపొద్దని నాకున్నదా పంతులమ్మా? ముసలాయనకు సూపు మందగించింది. కండె చేతికందిస్తె నేస్తడు గని, అది మంచిదా చెడ్డదా సూసుకోలేడు. మా పొల్ల చుట్టిందంటెనే నమ్ముతడు. నా వేళ్లు వంగుతలేవు. పొద్దుగాల గంప నిండినంక పంపుదామంటె నువ్వేమొ పది దాటితె తల్పు ఏస్తివి. నన్నేం జెయ్యమంటవు?"

ఇక్కడ కొంచెం ఆగి చదవండి. ఆమె నాకు దారి చెప్పింది. గంప నిండాక పంపుతానంది. పదకొండుకు వచ్చిన పిల్లను లోపలికి రానిస్తే అయిపోయేది. నేనేమన్నానో తెలుసా? "ఆ గంప నేను నింపుతానవ్వా. పిల్లను పదింటికల్లా పంపించు" అన్నాను.

"నువ్వా?" అని అవ్వ నోరు తెరిచింది.

వనపర్తిలో మా ఇంటి పక్కన కూడా మగ్గాలుండేవి, చిన్నప్పుడు సరదాకు రాట్నం తిప్పినదాన్నే. నాలుగు రోజుల్లో చెయ్యి కుదిరింది. తాతకు తెలియకూడదని అవ్వ మాట తీసుకుంది. పరాయి చేతి కండె అని తెలిస్తే ఆయన ముట్టడట. తెల్లవారుతుండగా తాత స్నానానికి పోయి, పూజ ముగించుకుని గుంతలో కూర్చునే లోపల నేను వెనుక వసారాలో కూర్చుని కండెలు చుట్టేదాన్ని. దీపం దగ్గర ఆ పిల్ల పాఠం చదివేది. నేను రాట్నం తిప్పుతూనే తప్పులు దిద్దేదాన్ని. ఎంత హాయిగా ఉండేదో ఆ మొదటి పదిహేను రోజులూ! నా అంత పంతులమ్మ ఈ గడ్డ మీద లేదనుకున్నాను.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆడవాళ్ల మధ్య మాట ఆగుతుందా? పక్కింటావిడ వచ్చి "మా పొల్ల ఏం పాపం చేసింది పంతులమ్మా?" అని నిలదీసింది. న్యాయమే కదా! ఆమె గంప కూడా ఒప్పుకున్నాను. తర్వాత ఎదురిల్లు, ఆ తర్వాత మూలమీది ఇల్లు. శ్రావణమాసం నాటికి ఎనిమిది ఇండ్లయ్యాయి. తాత తన నూలు గడప దాటనివ్వడు కనుక అక్కడికి నేనే పోవాలి. తక్కిన ఏడు ఇండ్ల నూలూ ఒక పాత రాట్నంతో సహా నా కొట్టులోకి వచ్చి చేరింది. కోడి కూసిన దగ్గర నుంచి బడి గంట దాకా, బడి విడిచిన దగ్గర నుంచి దీపాలు పెట్టేదాకా రాట్నమే. నిజాం రాజ్యం కదా, మా బడికి శుక్రవారం సెలవు. ఆ రోజు పొద్దంతా రాట్నం. అమావాస్యకు రాట్నం ముట్టకూడదు గదా, ఆ రోజైనా నడుం వాల్చానా? పిల్లలందరూ వచ్చేది ఆ రోజే కనుక, నెల పాఠాలన్నీ ఒక్కరోజే నూరిపోయాలని పొద్దు గుంకేదాకా అరిచేదాన్ని.

ఆయమ్మ చూసి చూసి ఒకరోజు అనేసింది.

"పంతులమ్మా, నేను పిల్లలను తెస్త, మల్ల తోల్కపోత. వాండ్ల ఇంటి పనులు నెత్తిన పెట్టుకోని రాను. నువ్వు జర సోంచాయించు, ఇది ఎన్నొద్దులు నడుస్తదో."

"నీకేం ఆయమ్మా, హాయిగా కునుకు తీసి లేస్తావు" అన్నాను వెటకారంగా.

"తీస్త. తీస్తనే గద మాపటికి ముప్పై ఇండ్ల మెట్లు ఎక్కి దిగేది. నీ ముందు నలుగురు పోయిండ్రు. వాండ్లకు పిల్లలంటె పగనా ఏంది? పానం పెట్టి చేసిండ్రు. పానం ఒడిసింది, పోయిండ్రు."

నాకు చెడ్డ కోపం వచ్చింది. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఆ మధ్యనే మా ఆయన లింగాల నుంచి వచ్చారు. పాపం, నాకోసం అడవి తేనె, ఒక పొట్లం సారపప్పు తెచ్చారు. చెంచుపెంటలకు, అంటే చెంచుల గూడేలకు, పోయినప్పుడు ఎలుగుబంటి ఎదురైన సంగతి ఎంతో ఉత్సాహంగా చెప్తున్నారు. నేను అన్నం వడ్డిస్తున్నాను. ఎలుగుబంటి ఆయన మీదికి రాబోతుండగా నేను "ముప్పై నాలుగు" అన్నానట. కండెలు లెక్కపెట్టుకుంటున్నాను. ఆయన ఎలుగుబంటిని అక్కడే వదిలేసి అన్నం కలుపుకున్నారు. మరునాడు పోతూ పోతూ, "ఈసారి వచ్చినప్పుడు నువ్వు ఇంట్లో ఉంటావా?" అని అడిగారు. ఇంట్లోనే ఉన్నాను కదా, ఇదేం ప్రశ్న అనుకున్నాను.

ఆశ్వయుజం వచ్చేసరికి కళ్లు మంటలు, వేళ్ల సందుల్లో నూలు కోసిన గీతలు. అంతకంటే పెద్ద మార్పు వేరే ఉంది. పిల్లలు నవ్వితే చిరాకు, నవ్వకపోతే చిరాకు. ఎందుకోసం ఈ తిప్పలన్నీ పడుతున్నానో ఆ పిల్లల ముఖాలే చూడబుద్ధి కాలేదు. ఒకనాడు లెక్క రాసి చూపిస్తుంటే చేతిలో బలపం జారి కింద పడి రెండు ముక్కలైంది. బలపం! అణాకు గుప్పెడు వస్తాయి. నేను ఉన్నచోటే కూలబడి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయమ్మ వచ్చి, పిల్లలను మంచినీళ్లకని బయటికి తోలుకుపోయింది. కాసేపటికి ముఖం కడుక్కుని మళ్లీ లెక్క మొదలుపెట్టాను. పిల్లలు ఆ రోజు నుంచి చాలా బుద్ధిగా ఉన్నారు. నా క్రమశిక్షణ ఫలించిందనుకున్నాను.

కార్తీకంలో ముసురు పట్టింది. తాత ఒక పెళ్లిచీర నేస్తున్నాడు. మల్దకల్ వైపు రైతుల ఇంటి ఆడపిల్లకు. చీర మేనంతా నేరేడుపండు రంగు నూలు, అంచు పట్టు. యుద్ధం వల్ల నూలు దొరకడమే గగనంగా ఉంది. ఉన్నదాన్ని అద్దకం వాళ్లు రెండు విడతలుగా రంగు వేసి ఇచ్చారు. రెండో విడత ఒక రవ్వ నలుపు తిరిగింది. అద్దకం వాళ్లే ఆ సంగతి చెప్పడంతో తాత మొదటి విడత ఈ చీరకని, రెండోది వేరే చీరకని విడదీసి వసారాలో రెండు కొయ్యలకు వేరువేరుగా తగిలించాడు. కుడివైపుది ముట్టవద్దని పిల్ల నాకు మొదటి రోజే చెప్పింది. ఎడమ కొయ్య, ఎడమ కొయ్య అని నేను అనుకుంటూనే ఉన్నాను. ఒక తెల్లవారుజామున రాట్నం ముందే కునుకు పట్టింది. ఉలిక్కిపడి లేచి, చేతికందిన నూలు తీసుకుని గబగబా గంప నింపి, తాత పూజ ముగిసే వేళవుతున్నదని బడికి పరుగెత్తాను.

రెండు మూడు రోజులు గడిచాయి. ఆ పొద్దు ముసురు విడిచి ఎండ వచ్చింది. తొమ్మిదిన్నరకు ఆయమ్మ పిల్లలను తీసుకుని వచ్చింది. మూడో ఇంటి పిల్ల లేదు.

"రాదట. ఇగ ఎప్పటికీ రాదట" అంది ఆయమ్మ.

విషయం ఏమిటంటే, పెళ్లిపిల్ల తల్లి చీర ఎంతదాకా వచ్చిందో చూసుకుందామని మల్దకల్ నుంచి బండి కట్టించుకుని పొద్దున్నే దిగింది. వాకిలి తలుపు బార్లా తీసి ఎండ పడేసరికి, "తాతా, ఈడ రంగు మారిందేంది?" అని వేలు పెట్టి చూపించింది. జానెడు మేర నలుపు తిరిగిన పట్టీ. తాత అవ్వను అడిగితే ఆమె పొయ్యి దగ్గరికి తప్పుకుంది. పిల్ల ముందుకు వచ్చి "నేనే చుట్టిన తాతా" అంది. "బడి ధ్యాసల పడి చెయ్యి చెడగొట్టుకున్నవు. ఇగ బడి బందు" అన్నాడట తాత.

ఆయమ్మ నా ముఖం చూసింది.

"నువ్వేనా?"

"నేనే."

"మరి ఈడెందుకు నిలవడ్డవు? పో!"

"హాజరు..." అన్నాను. నిజంగా అదే అన్నాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"హాజరు యాడికి పోదు. పిల్లలను నేను సూస్త. పో ముందు."

అయిదు నెలల్లో మొదటిసారి గంట కొట్టకుండా బడి వదిలి వీధిలోకి దిగాను. నలభై అడుగుల దూరం ఉంటుందేమో ఆ ఇల్లు. దారి పొడుగునా నా బుర్రలో ఒక పాడు ఆలోచన తిరుగుతూనే ఉంది. చెప్పకపోతే ఏం? పిల్ల ఎట్లాగూ తన మీద వేసుకుంది, నాలుగు రోజులకు తాత కోపం చల్లారుతుంది, నేను వచ్చి నచ్చజెప్పి తీసుకుపోతాను, ఎనిమిది ఇండ్ల సంగతి బయటపడదు, బేగం సాహెబా చెవిన పడదు. ఇంత ఆలోచించగలిగాను. మీకు ఏమీ దాచడం లేదు.

తాత గుంతలోనే కూర్చుని ఉన్నాడు, చెయ్యి ఆ పట్టీ మీద పెట్టుకుని. మల్దకల్ నుంచి వచ్చిన రైతమ్మ గడప మీద కూర్చుంది. పిల్ల మూలన రాట్నం పక్కన తల వంచుకుని ఉంది. అవ్వ నన్ను చూసి వద్దన్నట్టు చెయ్యి ఊపింది. పిల్ల తల ఎత్తలేదు. ఆ వంచిన మెడ చూశాక ఇంక నోరు ఆగలేదు.

"తాతా, ఆ కండెలు పిల్ల చుట్టలేదు. నేను చుట్టాను."

"ఎవరూ?"

"పంతులమ్మను."

"నువ్వెందుకు చుడ్తవు?"

మొదటి నుంచీ చెప్పాను. ఎనిమిది ఇండ్లు, కోడికూత, శుక్రవారాలు, అమావాస్యలు. ఇంకొకరికి వరసగా చెప్తుంటేనే తెలిసింది నేను చేస్తున్నదేమిటో. రైతమ్మ బుగ్గన వేలు పెట్టుకుని వింటున్నది. తాత పిల్ల వైపు తిరిగాడు.

"నీకెరుకేనా ఇదంతా?"

"ఎరుకే తాతా."

"రంగు తప్పని గూడ ఎరుకేనా?"

"నీకు కండె అందించేటప్పుడు సూసిన."

"సూసి ఎందుకు చెప్పలే?"

పిల్ల నా వైపు ఒకసారి చూసి మళ్లీ తల దించుకుంది. "చెప్తె పంతులమ్మ ఏడుస్తది. మొన్న బలపం పలిగితె గూడ ఏడ్సింది. బళ్లె అందరం అనుకున్నం తాతా, ఏది తప్పయినా పంతులమ్మకు చెప్పొద్దని."

నేను వాళ్లను మోస్తున్నాననుకుంటున్నాను. ముప్పై మంది పసిపిల్లలు నన్ను మోస్తున్నారు! వాళ్ల బుద్ధిమంతనమంతా భయం కూడా కాదు, జాలి. ఆ మాటకు మాత్రం ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా సిగ్గేసింది.

"కూసో పంతులమ్మా" అన్నాడు తాత. కూర్చున్నాను.

"ఇది మా నాయన కూసున్న మగ్గం. నెలకొక దినం దీన్ని ముట్టం. ఎందుకంటవు? పని లేకనా? నూలు లేకనా? కట్టెకు గూడ జర సడలిక ఉండాలె, తాడుకు గూడ ఉండాలె. గట్ల ఇడిస్తెనే మల్ల నెల్లాళ్లు సక్కగ నడుస్తది. మగ్గానికే అమాస ఉన్నది. నీకు లేదా?"

"పిల్లను మాత్రం బడి మాన్పించకు తాతా" అన్నాను.

"మాన్పియ్య. గని రెండు మాటలు. ఒకటి, నువ్వు మా రాట్నం ముట్టొద్దు. చెయ్యి కుదరలే అని కాదు, నీ పని అది కాదు."

"ముట్టను."

"రెండు, దాని గంప అది నింపుకోనే వస్తది. పది దాటుతది, పదకొండు గొడ్తది. నీ తల్పు తీసి పెట్టు."

జ్యేష్ఠంలో అవ్వ చెప్పిందీ అదే కదా! ఒక గంట ఆలస్యాన్ని ఒప్పుకోలేక నేను అయిదు నెలలు కండెలు చుట్టాను.

రైతమ్మ మంచి మనిషి. "జానెడే గద తాతా, కుచ్చిళ్లల్ల పోతది, నెయ్యి" అంది. "పెళ్లిల పదిమంది కండ్లుంటయమ్మా. నీకు కనవడ్డది, వాండ్లకు కనవడదా?" అని తాత అప్పటికప్పుడే ఆ మేర పోగుపోగూ తీయడం మొదలుపెట్టాడు. పిల్ల పక్కన కూర్చుని నూలు అందుకుంటున్నది. నేను సాయం పట్టబోయాను. "నువ్వు ముట్టనంటివి గద" అన్నాడు తాత. రైతమ్మ పకపక నవ్వింది. చాలా రోజుల తర్వాత నాకూ నవ్వొచ్చింది. చీర పెళ్లి వేళకు అందింది.

మిగతా ఏడు ఇండ్లకూ నేనే పోయి నూలు తిరిగి ఇచ్చి, ఇక నావల్ల కాదని చెప్పాను. ఎంత కష్టమో ఆ ఒక్క మాట! పిల్లలను గంప నిండాకనే పంపండి, తలుపు తీసే ఉంటుంది అన్నాను. ఏడుగురిలో నలుగురు వచ్చారు. ముగ్గురు రాలేదు. అందరూ వచ్చారని రాస్తే కథ బాగుంటుంది, కాని రాలేదు. ఆ ముగ్గురి ముఖాలూ నాకు ఇప్పటికీ గుర్తే. అయినా, రాట్నం ముందుకు మళ్లీ పోలేదు.

పుష్యమాసంలో బేగం సాహెబా తనిఖీకి వచ్చారు. గుండె చిక్కబట్టుకుని, హాజరు పదకొండున్నరకు తీసుకోవడానికి అనుమతి ఇప్పించమని అడిగాను. ఎందుకో వివరంగా చెప్పాను. ఆమె కళ్లజోడు తీసి నన్ను ఎగాదిగా చూశారు. "తీసుకోండి. ఎవరు కాదన్నారు?" అన్నారు. "బలహీనం అని రాశారు కదా" అన్నాను. "రాశాను. మీరు వచ్చి అడుగుతారని రాశాను. మీ ముందున్నవాళ్లూ అడగలేదు, మీరూ ఇన్నాళ్లూ అడగలేదు" అన్నారు. సాయబానులో ఆయమ్మ దగ్గు వినిపించింది. అది దగ్గు కాదని నాకు తెలుసు.

అమావాస్య నాడు పూటబడి పెట్టాను. పొద్దున పాఠాలు, మధ్యాహ్నం నుంచి పిల్లలు అచ్చనగిల్లలు ఆడుకోవచ్చు, పాటలు పాడుకోవచ్చు. నేను సాయబానులో ఆయమ్మ పక్కన చాప పరుచుకుని పడుకునేదాన్ని. ఎవరైనా చీటీ చదివించుకోవడానికో, అర్జీ రాయించుకోవడానికో వస్తే ఆయమ్మ కళ్లు తెరవకుండానే "పంతులమ్మకు ఇయ్యాల అమాస. రేపు రా" అనేది. మా ఇద్దరి గురకల్లో నాదే పెద్దదని పిల్లలు తీర్పు చెప్పారు. మాఘంలో మా ఆయన వచ్చినప్పుడు ఎలుగుబంటి సంగతి మొదటి నుంచి చెప్పించుకుని విన్నాను. తీరా చూస్తే అది మీదికి రానేలేదట, చెట్టెక్కి పోయిందట.

ఎండలు ముదరకముందే నాలుగో తరగతి పరీక్ష వచ్చింది. కోట దగ్గర పెద్ద బడిలో, పొద్దున ఏడు గంటలకే. ఆ పిల్ల పాసయిందని ముందే చెప్పేస్తాను, నేను చెప్పాలనుకున్నది అది కాదు.

ముందురోజంతా నాకు ఒకటే పరేషాన్. పరీక్ష ఏడింటికి. పిల్ల గంప నిండేది పదకొండుకు. తాతకు ఇచ్చిన మాట ఉంది. రాట్నం ముట్టకూడదు. ఒక్కరోజుకు కదా, అవ్వకు చెప్పి చుట్టి వద్దామా అని చేతులు లాగాయి. తాతను అడుగుదామా, ఆయన మగ్గం ఆపమని అడగడానికి నేనెవరిని? అసలు ఈ గుంజాటనంతా చూసి ఆయమ్మ, "పొద్దుగాల పోయి సూద్దాం. ఇప్పుడైతె అన్నం తిను" అంది. తిన్నాను.

తెల్లవారగానే ఇద్దరం వీధిలోకి దిగాం. మొదటి ఇంట్లో మగ్గం నడుస్తున్నది. రెండో ఇంట్లో నడుస్తున్నది. మూడో ఇంటి దగ్గరికి వచ్చేసరికి చప్పుడు లేదు. ముసలాయనకు ఏమైనా అయిందేమోనని గబగబా అడుగులు వేశాను.

తాత ఉతికిన ధోవతి కట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. లోపల రాట్నం కడిగి, పసుపు కుంకుమ పెట్టి, గోడకు ఆనించి ఉంది. పిల్ల తలంటుకుని, రెండు జడలు వేసుకుని, పలక చంకలో పెట్టుకుని సిద్ధంగా నిలబడింది. నేను నెల లెక్క చూసుకున్నాను. అమావాస్యకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

"తాతా, ఈరోజు..." అన్నాను.

"ఇయ్యాల మా ఇంట్ల అమాస" అన్నాడు తాత. "పొల్లను తీస్కపో."